పైనుంచి పది, వెనక నుంచి ఏడు

ఫౌజీ కాకా పోయాడని తెలిసిన రోజు, ఆయనతో పాటు ఏమేం పోయాయో కూర్చుని లెక్కేసుకున్నాను. టేకు దుంగను వేలి కణుపుతో కొట్టి, లోపల డొల్ల ఉందో లేదో చెప్పే చెయ్యి ఒకటి. చాయ్ సగం సాసర్లో పోసి పక్కవాడికిచ్చి, మిగతా సగం కప్పులో తను తాగే అలవాటు ఒకటి. ఎవరైనా పిలిస్తే తల ఒక్కటే కాకుండా నిలువునా ఒళ్ళంతా తిప్పి చూసే తీరు ఒకటి. పాతబస్తీ ఉర్దూలో మొదలై, ఫౌజు హిందీలోకి పోయి, తిట్టు దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి దిగే మాట ఒకటి. ‘మున్షీ’ అనే పిలుపులో వెక్కిరింతనూ ప్రేమనూ ఒకే పాళ్ళలో కలిపే గొంతు ఒకటి. ఇవి ఐదు. ఆరోదానికి పేరు పెట్టడం కష్టం. ఏ ఇంట్లోకి పోయినా, ఏ బండి ఎక్కినా, ముందు బయటపడే దారి వెతికే కన్ను అది. నేను దాన్ని చివర రాశాను గానీ, ఆయనైతే మొదట రాసేవాడు.

పేరు రాయడం లేదు. రాసినా పురానాపూల్‌లో ఎవరూ గుర్తుపట్టరు. ఎప్పుడో కాల్నడక ఫౌజులో సిపాయిగా చేసి వచ్చి, ఇంటి పనైన వడ్రంగంలో పడ్డ మనిషి. అందరికీ ఫౌజీ కాకా. నేను అక్కడే ఒక టింబర్ డిపోలో మున్షీని. దుంగ పొడవూ చుట్టుకొలతా చూసి ఎన్ని ఘనపుటడుగులు తేలుతుందో చెప్పడం నా పని. ఆ లెక్క నాకు బడిలో రాలేదు, డిపోలో నిలబడితే వచ్చింది. కాకాకు నా లెక్కంటే గౌరవమే. కాకపోతే దుంగ దగ్గర నిలబడి, “నీ లెక్కల కట్టె ఉంటది మున్షీ, మనిషుండడు” అని అంటించకుండా పోయేవాడు కాదు.

చార్మినార్ వెనక గల్లీలో గాజుల దుకాణం ఆయన ఒకసారి మేడమీద గదిలో పెద్ద బీరువా చేయించుకోవాలనుకున్నాడు. ఎంత కట్టె పడుతుందో చెప్పడానికి నేనూ వెళ్ళాను. కాకా గదిలోకి రానే లేదు. మెట్ల మలుపు దగ్గర కూర్చుని టేపు పెట్టాడు.

“కాకా, బీరువా గదిల గదా పెట్టేది? మెట్లు కొలుస్తవేంది?” అన్నాడు దుకాణం ఆయన.

“ఎక్కుడు అందరికెరుకే. దిగుడు జెప్పు.”

“దిగుడెందుకు? గీడనే ఉంటది.”

“నువ్వుంటవా గీడనే? రేపు ఇల్లు మారవా? అప్పుడు దాన్ని రంపంతోని కోసి, తలకాయ ఒకసారి, మొండెం ఒకసారి దించుతవా?”

ఆ బీరువా మూడు భాగాలుగా తయారైంది. చెక్క చీలలు లాగేస్తే చంకలో పెట్టుకుని దిగిపోవచ్చు. ఆ గల్లీలో అట్లాంటివి ఇంకా నాలుగైదు ఉన్నాయి. కొత్త వడ్రంగులు వాటిని చూసి, ఇంత కష్టం ఎందుకు పడ్డాడా అని తల గోక్కుంటారు.

సిటీ బస్సులోనూ అంతే. సీట్లు ఖాళీగా ఉన్నా వెనక తలుపు దగ్గరే కడ్డీ పట్టుకుని నిలబడేవాడు.

“లోపలికి నడువ్ చిచ్చా, సీట్లు ఖాళీగున్నయ్” అని కండక్టర్ అరిచేవాడు.

“ఉండనీ బేటా. నేను కూసున్ననని అవి సంబురపడ్తయా?”

ఆయన ఎడమ పిక్క మీద పొడుగాటి మచ్చలుండేవి. వరసగా, సమానమైన ఎడంతో, కిటికీ ఊచల్లా. మొదటిసారి చూసి ఏమిటని అడిగితే ప్యాంటు ఇంకొంచెం పైకి లాగి, “సర్కారు ముద్ర” అన్నాడు. ట్యాంకు ఇంజను మీద గాలి పోవడానికి ఇనుప జాలీ ఉంటుందట. కాల్నడక సిపాయిలను ట్యాంకు మీద ఎక్కించుకుని పోయేటప్పుడు ఆ జాలీ మీదే కూర్చుంటారట.

“ఎట్లుంటదో ఎరుకేనా మున్షీ? ఎనక కాలుతది, ముందట వణుకుతది. పెనం మీద కూసొని మంచుగడ్డ మొఖానికి రాసుకున్నట్టు. ఒక చెయ్యి తుపాకికి, ఒక చెయ్యి ట్యాంకు పిడికి. గోకుడొచ్చిందనుకో, పక్కోడు గోకాలె.”

“లోపల కూర్చోవచ్చు కదా కాకా?”

“లోపల ట్యాంకోళ్ళకే జాగ సాలదు. మేమొస్తమంటే పండగనాడు పిలవని సుట్టమొచ్చినట్టు జూస్తరు.” కాసేపు నవ్వి, తర్వాత అన్నాడు: “తమాషా ఏందంటే, అందరు ట్యాంకునే కొడ్తరు. ట్యాంకుకేమో మందం ఇనుముంటది. మాకు అంగీ ఉంటది.”

జల్‌పల్లి దాటాక, కొత్త ప్లాట్ల మధ్య ఉన్న ఒక రేకుల షెడ్డు నుంచి మా డిపోకు ప్లైవుడ్ కోసం ఒక ఇంజనీరమ్మ వచ్చింది నాలుగేళ్ళ కింద. చిన్న కంపెనీ. పాతబడిన ట్యాంకుల్ని తుక్కు కింద కరిగించకుండా, పైన తిరిగే బురుజునూ ఫిరంగినీ తీసేసి, ఆ మందపాటి ఇనుప ఒంట్లో సిపాయిలను కూర్చోబెట్టి తీసుకుపోయే బండిగా మార్చవచ్చా అని చూస్తున్నారు. ఇనుము కోయడానికి ముందు లోపలి భాగం అసలు కొలతల్లో చెక్కతో కట్టి చూడాలట. మంచి వడ్రంగి ఎవరైనా ఉన్నారా అని అడిగింది. కాకా అప్పుడు డిపోలోనే చాయ్ తాగుతున్నాడు. నిలువునా తిరిగి చూశాడు.

“టోపీ తీసేసిన ట్యాంకా? దాంట్ల మావోళ్ళను కూసోబెడ్తరా?”

“అవును అంకుల్. ట్యాంకు ఇనుము కదా, మామూలు బండ్లకన్నా చాలా భద్రం.”

“కూసునుడు భద్రమే. దిగుడెట్ల?”

“పైన నాలుగు మూతలుంటాయి.”

కాకా సాసర్లో చాయ్ పోయడం కూడా మరిచిపోయి, కప్పు మొత్తం తనే తాగి, పనికి ఒప్పుకున్నాడు.

చిక్కు ఎక్కడుందో ఆ అమ్మాయే షెడ్డులో మాకు బొమ్మలు పరిచి చూపించింది. ట్యాంకుకు ఇంజను వెనక ఉంటుంది. లారీ డాలా లాగా వెనక తలుపు పెడదామంటే ఇంజనే అడ్డం. అందుకని రెండు బొమ్మలు గీశారు. మొదటిదాంట్లో పాత ఇంజను అట్లాగే ఉంటుంది, పదిమంది కూర్చుంటారు, పైమూతల్లోంచి ఎక్కి దిగుతారు. రెండోదాంట్లో చిన్న ఇంజను తెచ్చి ఒక పక్కకు పెడతారు. రెండో పక్క సన్నటి దారి మిగులుతుంది, దాని చివర తలుపు. అందులో ఏడుగురికే చోటు. కంపెనీ మనసు మొదటిదాని మీదుంది. తేలిగ్గా అయిపోతుంది, పైగా పది అనే అంకె బాగుంటుంది. ఫౌజులో అనుభవమున్న పెద్దలు కొందరు చూడటానికి రాబోతున్నారు. వాళ్ళు ఏది మెచ్చితే అదే ఇనుములోకి పోతుంది.

ఆ రోజు నుంచి కాకా ఆకలీ నిద్రా రెండో బొమ్మ చుట్టే తిరిగాయి. నోటితో ఒక్కసారి కూడా “ఇది పెట్టండి” అనలేదు. చెప్పింది చెప్పినట్టు మొదటి బొమ్మనే కట్టాడు. కట్టడం అయ్యాక, “మనుషులను తేవాలె, ఉట్టి చెక్కతోని ఏం తెలుస్తది?” అన్నాడు. మా డిపో హమాలీలు పదిమందిని తీసుకుపోయాను. ఒక్కొక్కరి వీపుకు రంపపు పొట్టు నింపిన గోనెసంచీ కట్టి, చేతికి ఒక కర్ర ఇచ్చాడు.

“కాకా, మనకు లడాయి ఎవనితోని?” అని అడిగాడు ఒక హమాలీ.

“నీ నోటితోని. మూసుకొని ఎక్కు.”

పదిమందీ లోపల ఇరుక్కున్నారు. మోకాళ్ళకు మోకాళ్ళు తగులుతున్నాయి.

“అరే, ఎవడ్రా నా కాలు తొక్కేది?”

“నీ కాలే నువ్వు తొక్కుతున్నవ్, జూసుకో.”

“కాకా, ఉడికిపోతున్నం. ఫ్యాను లేదా?”

“పెండ్లికొచ్చినవారా? ఉండు, కూలర్ తెప్పిస్త.”

కాకా ముందువైపుకు పోయి, పది అడుగుల దూరంలో చెక్క బండికి ఎదురుగా నిలబడి, “ఉత్‌రో!” అని, దిగమని అరిచాడు.

లోపల ఒకటే లొల్లి. లేవబోతే తలలు తగిలాయి. ఒకడి సంచీ మూతలో ఇరుక్కుంది, కిందివాడు వాడిని పిరుదుల మీద చేతులు పెట్టి పైకి తోశాడు. మొదటివాడు తల బయటపెట్టగానే కాకా రెండు చేతులూ కలిపి గట్టిగా ఒక చప్పట కొట్టాడు.

రెండోవాడి తల వచ్చింది. ఇంకో చప్పట.

“ఏంది కాకా, మెచ్చుకుంటున్నవా?” అన్నాడు రెండోవాడు నవ్వుతూ, మూత అంచు మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ.

“లేదు బిడ్డా. కాలుస్తున్న.”

మూడో చప్పటకు నవ్వులు ఆగిపోయాయి. ఆ తర్వాత తలలు వస్తూనే ఉన్నాయి, చప్పట్లు పడుతూనే ఉన్నాయి. బండి మీద నిలబడ్డవాళ్ళు దూకడానికి ఎత్తు చూసి తటపటాయిస్తుంటే, వాళ్ళవైపు తిరిగి మళ్ళీ కొట్టాడు. రేకుల షెడ్డు కదా, ఒక్కో చప్పట రెండుసార్లు వినబడింది. ఇంజనీరమ్మ చేతిలో స్టాప్‌వాచ్ ఉంది. దాన్ని నొక్కడం మరిచిపోయి ఆయన చేతుల్నే చూస్తోంది.

తర్వాత కాకా తనే ఒక సంచీ కట్టుకుని లోపలికి దిగాడు. డెబ్బై దాటిన మోకాళ్ళు. ‘అవసరమా?’ అని నేను అంటే వినలేదు. పైకి వచ్చేటప్పుడు సంచీ పట్టీ మూత పిడికి తగులుకుంది. నడుము దాకా బయటికి వచ్చి ఆగిపోయాడు. హమాలీలు అది కూడా ఆటలో భాగమే అనుకున్నారు. కాకా పట్టీని విప్పుకోవడం లేదు. దాన్ని అట్లా చూస్తూ నిలబడ్డాడు. నేనే ఎక్కి పట్టీ తప్పించాను.

బయట చాయ్ బండి దగ్గర, సాసర్ నాకిచ్చి చెప్పాడు.

“మేము ట్యాంకు మీద పోతున్నం. దిగుమని హుకుమొచ్చింది. నేను ఇటుదిక్కు దుంకిన. మావోడు అటుదిక్కు. వాని పట్టీ పిడికి తట్టుకున్నది.”

“తర్వాత?”

“తర్వాతేముంది. నేను దిగిన.”

చాయ్ తాగి తిరిగి షెడ్డులోకి వెళ్ళేసరికి ఇంజనీరమ్మ రెండో బొమ్మ తీసి బల్ల మీద పరిచి ఉంది.

“అంకుల్, ఇది కూడా కట్టి చూద్దాం. వచ్చినవాళ్ళకు రెండూ చూపిస్తాను. చప్పట్లు మాత్రం మీరే కొట్టాలి.”

“మా ఇంటామె కూడ నాకు ఇంత పని జెప్పలేదు బిడ్డా” అన్నాడు గానీ, అప్పటికే చెక్క తొలిచే బర్మా చేతిలోకి తీసుకున్నాడు.

ఆ సన్నదారి కట్టడం చూడాల్సిందే. బొమ్మలో దాని వెడల్పు రాసి ఉంది. కాకా ఆ అంకెను కాదనలేదు, అట్లా అని నమ్మనూ లేదు. సంచీ కట్టిన హమాలీని అందులో నడిపించాడు. మోచేతులు తగిలితే చెక్క కాస్త జరిపాడు. అట్లా జరిపినప్పుడల్లా ఇంజను పెట్టెకు చోటు తగ్గుతోందని అమ్మాయి, మనిషికి చోటు చాలడం లేదని కాకా.

“ఇంజను సిన్నగ సేయొచ్చు బిడ్డా. మావోని భుజాలు సిన్నగ సేయరాదు.”

“ఇంజను కూడా నా ఇష్టం కాదు అంకుల్. అది ఉన్నంత ఉంటుంది.”

“అయితే ఇద్దరం జర జర జరుగుదాం.”

అట్లా వేలెడు ఆమె జరిగింది, వేలెడు ఆయన జరిగాడు. గుడ్డ దుకాణంలో బేరంలా సాగింది ఆ పని. చివరికి ఎక్కడ ఆగారో అక్కడ కాకా తలుపు బిగించాడు. గొళ్ళెం తీస్తే లారీ డాలాలా ధడాల్న కిందికి పడే తలుపు.

పెద్దలు రావడానికి ముందురోజు మళ్ళీ హమాలీలను పిలిపించాం. పాపం, పదిమందీ వచ్చారు. ఏడుగురిని లోపల కూర్చోబెట్టాడు. మళ్ళీ ఎదురుగా పోయి, రెండు చేతులూ ఎడంగా పెట్టి, “ఉత్‌రో!” అన్నాడు.

వెనక డాలా పడ్డ చప్పుడు వినబడింది. కాళ్ళ చప్పుడు వినబడింది. కాకా చేతులు గాలిలో అట్లాగే ఉన్నాయి. కొట్టడానికి ఎవరి తలా కనబడలేదు. బండి మొత్తం ఆయనకూ వాళ్ళకూ మధ్య గోడలా నిలబడింది. ఏడుగురూ వెనక నేల మీద, వంగి, కర్రలు పట్టుకుని ఉన్నారు. అది నాకూ అమ్మాయికీ మాత్రమే కనబడుతోంది.

“కనబడ్తలేరు!” అని అరిచాడు కాకా. “మున్షీ, ఒక్కడు కనబడ్తలేడు! అందరు దిగిన్రా?”

“దిగారు కాకా!”

“అందరూ?”

“అందరూ!”

ఆ ముసలాయన నవ్విన నవ్వు అంతకుముందు నేను చూసింది కాదు. మోకాళ్ళ నొప్పి మరిచి, చిన్నపిల్లవాడిలా బండి చుట్టూ తిరిగి వెనక్కి పరిగెత్తుకు వచ్చాడు. ఏడుగురి వీపులూ ఒక్కొక్కటే తట్టాడు. తట్టుకుంటూ తట్టుకుంటూ పక్కకు చూశాడు.

మిగిలిన ముగ్గురు హమాలీలు షెడ్డు తలుపు దగ్గర గోడకు ఆనుకుని ఎండలో కూర్చుని పల్లీలు తింటున్నారు. వీపులకు సంచీలు అట్లాగే ఉన్నాయి.

“మమ్ములనెందుకు తీసేసిన్రు కాకా? మేమేం తప్పు జేసినం?” అన్నాడు ఒకడు.

“వాళ్ళు బండిల వొయ్యిన్రు. మేము ఎనకెనక నడుసుకుంట రావాలెనా?” అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

కాకా నవ్వలేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

“వాళ్ళకు ఇంకో బండి ఉంటుంది అంకుల్” అంది ఇంజనీరమ్మ మెల్లగా. ఆ పిల్లకు అర్థమైంది.

“ఉండాలె బిడ్డా. ఉండాలె.”

మర్నాడు పెద్దలు వచ్చారు, రెండూ చూశారు. కాకా చప్పట్లు కొట్టాడు. వాళ్ళలో ఒకాయన మూడో చప్పట దగ్గర చెయ్యి ఎత్తి చాలన్నాడు. రెండో బొమ్మే నిలిచింది. తలుపు కట్టినాయన ఎవరని అడిగి దగ్గరికొచ్చి చెయ్యి కలిపారు. కంపెనీవాళ్ళు మిఠాయి పంచారు. ఏది జరగాలని కాకా కోరుకున్నాడో అది జరిగింది. తిరుగు దారిలో షేర్ ఆటో అంచున, ఒక కాలు బయటపెట్టి కూర్చుని, నన్ను అడిగాడు.

“మున్షీ, పదిల ఏడు పోతే ఎంత?”

“మూడు.”

“ఆ ముగ్గురి లెక్క జెప్పు.”

“అంటే?”

“పైకెల్లి దిగితే పదిమంది పోతరు, కొందరు దిగలేరు. ఎనకకెల్లి దిగితే ఏడుగురే పోతరు, అందరు దిగుతరు. మరి ఆ ముగ్గురు? ఇంకో బండి వచ్చెదాకా వాళ్ళు నా తీరుగ అంగీ తొడుక్కొని బయటుంటరు. నేను తలుపు పెట్టించి బతికించిననా, జాగ తగ్గించి బయట నిలబెట్టిననా? నువ్వు లెక్కలోనివి. జెప్పు.”

తన గెలుపు మీద తనే ఇట్లా ప్రశ్న వేసుకునే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఎవరూ ఆయన్ని తప్పు పట్టలేదు. ఆ తలుపు సరైనదేనని ఆయనకూ తెలుసు. ఇంకోసారి అవకాశమొస్తే మళ్ళీ అదే పెట్టించేవాడు. అయినా ఆ ముగ్గుర్నీ వదిలిపెట్టలేదు. డిపోకు వచ్చినప్పుడల్లా దుంగను కొట్టి చూసినట్టే నన్నూ కొట్టి చూసేవాడు. “తేలిందా మున్షీ?”

నేను నిజంగానే ప్రయత్నించాను. ఒకరోజు ఆయనకు చెప్పాను. “కాకా, లెక్క తేలాలంటే ఒక అంకె కావాలె. పైనుంచి దిగితే పదిమందిలో ఎందరు దిగలేరు? అది తెలిస్తేనే మూడుతో పోల్చి చూడగలను.”

ఆయన చాయ్ సాసర్లో పోసి నా వైపు జరిపాడు.

“నా దగ్గర ఒకడున్నడు.”

“ఒక్కడితోని లెక్క కాదు కాకా.”

“నాకు ఒక్కనితోనే అయ్యింది.”

ఆ తర్వాత ఆ షెడ్డు ఖాళీ అయింది. కంపెనీ ఎక్కడికో మారింది. ఆ బండి ఇనుములో తయారైందో లేదో నాకు తెలియదు, ఎవరిని అడగాలో కూడా తెలియదు. కిందటి నెల కాకాకు బాగా లేదంటే ఇంటికి పోయాను. కాకా భార్య, నేను చిన్నమ్మా అని పిలిచేది, తలుపు తీసి, “వారం రోజుల సంది గుర్తువడ్తలేడు బిడ్డా, ఏమనుకోకు” అంది. మంచం పక్కన కూర్చున్నాను. కళ్ళు తెరిచి, తలను తిప్పడానికి కూడా కష్టపడుతూ, నన్ను చూశాడు.

“మున్షీ. తేలిందా?”

“లేదు కాకా.”

“తొందర లేదు. గని ఇడిసిపెట్టకు.”

నేను విడిచిపెట్టలేదు. డిపోలో దుంగలు దిగుతుంటే, చుట్టుకొలతలు చెబుతుంటే, మధ్యలో ఆ లెక్క వచ్చి నిలబడుతుంది. ఆయన అడిగిన లెక్క నేనింకా ఆయనకు బాకీ.